ఉదయగిరి కొండ – చారిత్రక నవల



చారిత్రక నవల చదివి ముగించగానే పాఠకుని మనసులో ఒక ప్రశ్న మెదలుతుంది. "ఇందులో నిజమెంత?" నవల ఎంత బాగుంటే ఈ ప్రశ్న అంత గట్టిగా వినిపిస్తుంది. కథను కథగా ఆస్వాదించవలె గాని సాక్ష్యాలు అడుగరాదని కొందరు విమర్శకుల మతం. నేను ఆ పక్షమువాడను కాను. కృష్ణుడనీ రాముడనీ పేరు పెట్టి పాత్రను కల్పిస్తే ఎవరికీ బాధ లేదు. కృష్ణదేవరాయలని పేరు పెట్టి, ఆయన శత్రువు పేరు పెట్టి, ఆ శత్రువు కూతురును తెచ్చి కథ నడిపినప్పుడు, ఆ ప్రశ్న అడిగే హక్కు పాఠకునికి ఉంటుంది. ఆ మనుషులు ఒకప్పుడు నిజంగా బ్రతికినవారు గదా!

మన పూర్వులు ఈ చిక్కును నవల అనే మాట పుట్టకముందే గుర్తించారు. ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు తెగలుగా విభజించాడు. ఇతిహాసాదుల నుండి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండూ కలిసినది మిశ్రం. మన రామరాజభూషణుడు వసుచరిత్ర అవతారికలో ఈ మూడింటినీ రత్నాలతో పోల్చాడు. వట్టి కల్పన కృత్రిమరత్నమనీ, ఉన్నదున్నట్లు చెప్పిన పూర్వకథ గనిలో పుట్టిన రత్నమనీ, మిశ్రకథ సానబట్టిన జాతిరత్నమనీ ఆయన భావం. చారిత్రక నవల మిశ్రబంధమే. సానబట్టేవాడు రాయికి మెరుగు తేవలె. ఆ రాయిని తీసివేసి దాని స్థానంలో గాజుపెంకు పొదగరాదు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇంతే. శిలాశాసనం మౌనం వహించిన చోట నవలాకారుడు మాట్లాడవలె, అది పలికిన చోట వినవలె.

ఈ మాటను మా ప్రాంతపు ఉదాహరణతోనే నిరూపించదలచాను. నేను ఉద్యోగం చేసిన వరికుంటపాడుకు పొరుగు మండలం ఉదయగిరి. నెల్లూరు జిల్లా పడమటి అంచున 3,079 అడుగుల ఎత్తున నిలిచిన దుర్గమది. వీరం, శృంగారం, రహస్యం – చారిత్రక నవలకు కావలసిన మూడు దినుసులూ ఆ కొండమీద పుష్కలం. అయితే దానికి ముందు, తెలుగులో చారిత్రక నవల ఏ దారిన నడచి వచ్చిందో కొంచెం చూడవలె.

నవల మన ఊరికి వచ్చిన దారి

నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రము 1872లో వచ్చింది. వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో పత్రికలో మొదలైంది. దానిని విమర్శిస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు "నవల" అనే మాటను వాడారు. ఆ మాటే నిలిచింది. ఈ రెండూ సంఘకథలు. చరిత్రను కథగా మలచే పద్ధతి వేరే దారిన వచ్చింది. స్కాటు దొర 1814లో వేవర్లీ వ్రాసి ఆంగ్లంలో ఒక కొత్త మార్గం తెరిచాడు. బంకించంద్రుడు 1865లో దుర్గేశనందినితో దానిని వంగదేశానికి తెచ్చాడు. ఆ గాలి తెలుగునేలకు చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారి ద్వారా వీచింది. ఆయన హేమలత 1896 నాటిది. చింతామణి పత్రిక నడిపిన నవలల పోటీ ఆ ఉత్సాహానికి ఊపిరి. ఆయన్ను "ఆంధ్ర స్కాటు" అని పిలుచుకున్నారు.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. హేమలత రాజపుత్రుల కథ. అహల్యాబాయి మరాఠా రాణి కథ. కొద్దికాలానికి వచ్చిన వేలాల సుబ్బారావుగారి రాణీసంయుక్త పృథ్వీరాజు కథ. వ్రాసినవారు తెలుగువారు, చదివినవారు తెలుగువారు, కథలు మాత్రం ఉత్తరదేశానివి. ఎందుకని? తెలుగురాజులమీద ప్రేమ లేకనా? కాదు. రాజస్థానపు గాథలను టాడ్ దొర 1829–32 నాటికే రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేశాడు. కాకతీయులను గురించి, రెడ్డిరాజులను గురించి, రాయలను గురించి అటువంటి పుస్తకం చేతికందేది కాదు. మన చరిత్ర రాళ్ళమీద, రాగిరేకులమీద, మెకంజీ దొర కావలి సోదరుల సాయంతో సేకరించిన వ్రాతప్రతులలోను పడి ఉంది. సరుకు లేనిదే వర్తకం సాగదు.

సరుకు రావడం ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే. రాబర్టు స్యూయెల్ దొర విజయనగరాన్ని గురించిన గ్రంథం 1900లో ప్రకటించాడు. పోర్చుగీసు యాత్రికులు పేసు, నూనిజుల వృత్తాంతాలు అందులో ఆంగ్లంలో వచ్చాయి. 1905లో బటర్‌వర్త్ దొర, వేణుగోపాలచెట్టిగారు కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు భాగాలుగా అచ్చువేశారు. తాలూకాల వారీగా, ఊరూరి రాళ్ళ పాఠాలతో ఉన్న ఆ సంపుటాలు ఈనాటికీ మా జిల్లావారికి పెన్నిధి. మరుసటి ఏడు, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి వెలసింది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగాన్ని 1910లో ప్రకటించినదీ, చారిత్రక నవలలకు పోటీలు పెట్టినదీ ఆ మండలియే. చరిత్రగ్రంథమూ, చరిత్రకథా ఒకే ఇంటి అరుగుమీద పుట్టాయన్నమాట. ఆ వెనువెంటనే కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము, దుగ్గిరాల రాఘవచంద్రయ్యగారి విజయనగర సామ్రాజ్యము వంటివి వచ్చాయి. నవల చిత్తూరుగడ నుండి తుంగభద్రకు దిగివచ్చింది. శాసనం అచ్చయితే నవల ఇంటికి వస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

ముగ్గురు పెద్దలు, మూడు పద్ధతులు

తరువాతి కాలంలో ఈ ప్రక్రియను శిఖరానికి చేర్చినవారిలో ముగ్గురిని తలచుకుంటే చాలు.

అడివి బాపిరాజుగారు చిత్రకారులు. ఆయన నవల చదువుతుంటే కుంచె కదలినట్లే ఉంటుంది. హిమబిందులో శాతవాహనుల కాలం, శిల్పి సువర్ణశ్రీ ప్రేమ, స్థౌలతిష్యుడు పెంచిన విషబాల – ఒకే కథలో మూడు దినుసులూ కలిశాయి. గోన గన్నారెడ్డి నవల పెళ్ళిపందిరి నుండి పెళ్ళికొడుకును ఎత్తుకుపోవడంతో అందుకుంటుంది. గజదొంగగా పేరుపడినవాడు రుద్రమదేవికి రహస్యంగా కుడిభుజమట! ఎంత కల్పన! అయితే రాయి ఏమంటుంది? రాయచూరు కోటగోడలో 1294 నాటి శాసనమున్న రాయి ఒకటుంది. దాని పొడవు 41 అడుగులు. గోన గన్నారెడ్డి అధికారంలో విఠలుడనే సేనాని ఆ కోట కట్టించాడని ఆ శాసనం చెబుతుంది. అంతటి రాయిని బండిమీద లాగుకొని వస్తున్న బొమ్మ కూడా అక్కడ చెక్కి ఉన్నది. గన్నారెడ్డి కాకతీయుల పక్షాన పెద్ద సామంతుడైన కాలాన్ని శాసనం చెప్పింది. అంతకు ముందు ఆయన యౌవనం ఎట్లా గడిచిందో చెప్పలేదు. బాపిరాజుగారు ఆ ఖాళీలోనే తన కథ నిలిపారు. శాసనానికి ఎదురు చెప్పలేదు. మెరుగు పెట్టడమంటే ఇదీ.

నోరి నరసింహశాస్త్రిగారు రేపల్లెలో న్యాయవాది. నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి, కవిసార్వభౌముడు, కవిద్వయము, ధూర్జటి – వరుసగా చదివితే నన్నయకాలం నుండి రాయలకాలం దాకా తెలుగుసాహిత్యచరిత్ర కళ్ళముందు నడుస్తుంది. ప్రమాణం లేని మాట కాగితమెక్కించని న్యాయవాది అలవాటు ఆయన నవలల్లోనూ కనిపిస్తుంది. శృంగారం అక్కడ మందాగ్ని. ఆ కారణంగా నేటి యువకులు ఆయన జోలికి పోరు. నాకు మాత్రం కవిసార్వభౌముడు చదివిన తరువాత శ్రీనాథుడు పుస్తకం దిగివచ్చి ఎదుట కూర్చున్నట్లు తోచింది.

విశ్వనాథవారి ఏకవీర మూడవ పద్ధతి. మధుర నాయకరాజుల కాలం అందులో ఒక తెర మాత్రమే. స్నేహితులిద్దరు, ఒకరు ప్రేమించిన స్త్రీని మరొకరు తెలియక పెండ్లాడడం, నలుగురి గుండెలు నలగడం – ఇదే కథ. అక్కడ రాజుల తేదీలతో పని లేదు. చారిత్రకవ్యక్తిని ప్రధానపాత్ర చేయకపోవడమే ఆయన తీసుకున్న జాగ్రత్త. కల్పితులకు ఎంత దుఃఖమైనా పెట్టవచ్చు. చరిత్రలో ఉన్నవారికి లేని మచ్చ పెట్టరాదు.

రాయలు, ఉదయగిరి – నాలుగు సాక్ష్యాలు

ఇప్పుడు మా కొండకు వస్తాను. విజయనగరం పుట్టిన తొలినాళ్ళలోనే ఉదయగిరి ఒక రాజ్యానికి ముఖ్యపట్టణం. బుక్కరాయల సోదరుడు కంపన, అతని కుమారుడు రెండవ సంగముడు ఏలారు. వేదభాష్యకర్త సాయణాచార్యులు వారికి మంత్రి. ఆయన తమ్ముడు భోగనాథుడు రచించిన బిట్రగుంట శాసనం 1356 నాటిది. తరువాత దుర్గం కళింగ గజపతుల వశమైంది. ప్రతాపరుద్ర గజపతి కాలంలో కృష్ణదేవరాయలు దానిమీదికి దండెత్తాడు. ఆ దండయాత్రను గురించి నాలుగు విధాల సాక్ష్యాలున్నాయి. నాలుగూ నాలుగు గొంతులు.

మొదటిది శిల. 1514 జూన్ 9న దుర్గం రాయలకు చిక్కింది. గజపతి బంధువైన తిరుమల రాహుత్తరాయలు పట్టుబడ్డాడు. ఆ తరువాత నెల తిరగకుండానే, జూలై 6న, రాయలు దేవేరులతో తిరుమల కొండనెక్కి స్వామికి 30,000 బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి నుండి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపికి తరలించి, 1515 ఫిబ్రవరిలో కొత్త ఆలయం కట్టి ప్రతిష్ఠించాడు. హంపిలో ఆ గుడిగోపురంమీద యుద్ధం చేస్తున్న సైనికుల బొమ్మలు ఈనాటికీ ఉన్నాయి. శిల చెప్పేది ఇంతే. ఎవరు గెలిచారు, ఎవరు చిక్కారు, దేవునికి ఏమి ఇచ్చారు.

రెండవది నూనిజ్ వ్రాసినది. గుర్రాల వ్యాపారం చేసిన ఈ పోర్చుగీసువాడు ఇరవై ఏళ్ళ తరువాత విజయనగరంలో విన్న మాటలు వ్రాసుకున్నాడు. రాయలు 34,000 కాల్బలం, 800 ఏనుగులతో వచ్చాడట. కోటలో ఉన్నది 10,000 కాల్బలం, 400 గుర్రాలు. తిండి అందకుండా చేస్తే తప్ప లొంగని కోట అది. ఒక్కడొక్కడే పోగలిగినంత ఇరుకుదారి తప్ప పైకి మార్గం లేదు. రాయలు ఏడాదిన్నర ముట్టడించి, గుండ్లు పగలగొట్టించి, కొండలోనుంచి వెడల్పైన బాటలు తీయించి, బురుజుల దగ్గరికి చేరాడట. పట్టుబడినది గజపతి మేనత్త అనీ, ఆమెను రాయలు గౌరవంగా చూశాడనీ అతని మాట. శిల ఒక పురుషుని పేరు చెప్పింది, నూనిజ్ ఒక స్త్రీని చూపాడు. రెండూ నిజం కావచ్చు. నవలాకారునికి ఇంతకంటె మంచి ద్వారం ఏమి కావలె?

మూడవది రాయవాచకం. ఇది రాయల తరువాత సుమారు నూరేళ్ళకు మధురలో పుట్టిన తెలుగు వచనం. మధుర విశ్వనాథనాయకుని స్థానాపతి పంపిన నివేదిక అన్న వేషం దానిది. రాయలు మారువేషం వేయడం, వేగులవారి రాకపోకలు, అప్పాజీ ఎత్తులు అందులో నిండి ఉంటాయి. గజపతి కొలువులోని పదహారుమంది పాత్రులకు తిమ్మరుసు ధనపు పెట్టెలు, లేఖలు పంపి, అవి గజపతి చేతిలోనే పడేటట్లు చేస్తాడు. తనవారే ద్రోహులనుకుని గజపతి పారిపోతాడు. కథ సంధితోను, గజపతి కూతురు జగన్మోహినిని రాయలకిచ్చి పెళ్ళిచేయడంతోను ముగుస్తుంది. చెప్పండి మిత్రులారా, వీరం, శృంగారం, రహస్యం మూడూ కలిపిన చారిత్రక నవల కాక ఇదేమిటి? నవల అనే పేరు రాకముందు రెండున్నర శతాబ్దాలకు పైగానే మనవాళ్ళు దానిని వ్రాశారు. పడమటినుండి మనం తెచ్చుకున్నది అచ్చు, పేరు, పోటీలు. కల్పనను నిజమైన రాజు చుట్టూ అల్లే విద్య మన ఇంట ముందే ఉంది.

నాలుగవది జనశ్రుతి. దీనికి కాగితం లేదు, రాయి లేదు. అరుగుమీద ముసలివాళ్ళు చెప్పుకునేది. ఈ జనశ్రుతికి మా వైపు బలం ఎక్కువ. పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాటి దగ్గర, పశువుల మేతపుల్లరి తగవుతో నెల్లూరి రాజుకూ కాటమరాజుకూ జరిగిన యుద్ధాన్ని కొమ్మువారు రాత్రులతరబడి పాడేవారు. అందులో ఖడ్గతిక్కన రణం విడిచి ఇంటికి వస్తే, భార్య చానమ్మ స్నానానికి మంచం చాటున నీళ్ళు, పసుపుముద్ద పెట్టించిందన్న ఘట్టం ఎరుగని తెలుగువాడుండడు. శాసనంలో లేకపోయినా ఆ ఘట్టంవల్ల ఎవరికీ అపకారం లేదు. ఒక ఇల్లాలి పౌరుషాన్ని చెప్పింది, అంతే. జనశ్రుతి అంతా అంత నిరపాయమైనది కాదు.

గజపతి కూతురు

ఒకసారి తొమ్మిదవ తరగతిలో రాయల దండయాత్ర పాఠం చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "అయ్యవారూ, గజపతి కూతురు శోభనపు గదిలో కత్తి దాచుకున్నదంట గదా, రాయల్ని పొడవాలని?" అన్నాడు. ఎవరు చెప్పారురా అంటే, "మా అవ్వ చెప్పింది సార్" అన్నాడు. అవ్వకెవరు చెప్పారో అవ్వకే తెలియదు. హరికథలోనో, నాటకంలోనో, తెరమీదనో చూచి ఉంటుంది. తరగతిలో సగంమంది తలలూపారు. వాళ్ళకూ తెలిసిన కథే అది. ఉదయగిరి ముట్టడి ఏడాదిన్నర పట్టిందని ఒక్కరికీ తెలియదు. కత్తి మాత్రం అందరికీ తెలుసు.

ఆ కత్తిని సాక్ష్యాలలో వెదకండి. పెళ్ళిని నూనిజ్ చెప్పాడు, రాయవాచకం చెప్పింది. నూనిజ్ రాజుల ఇళ్ళలోని కుట్రలు వదిలిపెట్టే మనిషి కాడు. తిమ్మరుసు కుటుంబాన్ని రాయలు చెరలో పెట్టి కన్నులు తీయించిన కథ అతడు చెప్పినదే. అటువంటివాడు గజపతి కూతురు చేతిలో కత్తి పెట్టలేదు. ఆమెకున్న పేర్లు చూడండి. తుక్కాదేవి, జగన్మోహిని, సుభద్ర, అన్నపూర్ణ, వరదరాజమ్మ! ఒకే మనిషికి ఇన్ని పేర్లున్నాయంటే, ఎవరికి తోచినట్లు వారు ఆమెను తయారుచేసుకున్నారన్నమాట. మాకు వాయవ్యంగా ఉన్న కంభం చెరువు కట్టించినది ఆమేనని జనం చెబుతారు. రాయల నిరాదరణకు గురై అక్కడ ఏకాంతంగా కాలం గడిపిందనీ చెబుతారు. ఆమె పేర ఐదు సంస్కృతశ్లోకాలు, తుక్కాపంచకమని, ప్రచారంలో ఉన్నాయి. పట్టించుకోని భర్తను గురించిన వేదన వాటి సారం.

ఈ రెండు జనశ్రుతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఆమెను హంతకిని చేసింది. మరొకటి ఆమె చేత చెరువు కట్టించింది, శ్లోకాలు చెప్పించింది. సాక్ష్యం రెండింటికీ బలహీనమే. మన కథకులకు, చిత్రకథకులకు మొదటిదే ఎక్కువ రుచించింది. ఎందుకంటే కత్తి రహస్యమవుతుంది, ఉత్కంఠ అవుతుంది. చెరువుగట్టుమీద ఒంటరిగా కూర్చున్న రాణి ఉత్కంఠ కాదు. ఓడిపోయిన రాజు సంధికి ఇచ్చిన ఆడపిల్ల. ఆమె ఇష్టాన్ని ఎవరూ అడిగి ఉండరు. శత్రువు కూతురైన పాపానికి అయిదువందల ఏళ్ళుగా ఆమె తలగడ కింద కత్తి పెడుతూనే ఉన్నాం. ఒరిస్సావారు ఇదే ప్రతాపరుద్రుని చైతన్యప్రభువు భక్తునిగా కొలుస్తారు. వారి పిల్లలు మన కథ వింటే ఏమనుకుంటారు?

ఆమె సోదరుని విషయంలో ఏమి జరిగిందో చూస్తే రాయి విలువ మరింత తెలుస్తుంది. 1515 జూన్‌లో కొండవీడు పడినప్పుడు గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టుబడ్డాడు. రాయలు అతని కత్తిసాము చూడదలచి, రాచబిడ్డ కాని ఒక సామాన్యునితో పోరాడమన్నాడనీ, ఆ అవమానం భరించలేక రాజకుమారుడు ప్రాణాలు తీసుకున్నాడనీ నూనిజ్ కథ. ఎంత రసవత్తరమైన ఘట్టం! నవలాకారునికి నోరూరుతుంది. కాని కర్ణాటకలో దావణగెరె ప్రాంతంలో 1516 నాటి శాసనం ఒకటుంది. అందులో ఇదే వీరభద్రుడు రాయల కింద మలెగ బెన్నూరు సీమకు అధికారి. చిక్కిన శత్రురాజకుమారునికి రాయలు ఒక సీమ అప్పగించాడు! నూనిజ్ కథకంటె ఈ రాతిలో ఉన్న కథ గొప్పది కాదా? నిన్న కొండవీటిలో కత్తి దూసినవాడు నేడు కన్నడసీమలో పన్నులు వసూలు చేస్తున్నాడు. అతని మనసులో ఏముంది? విధేయతా, పగా, కృతజ్ఞతా? శిల చెప్పదు. అక్కడ నవల మొదలు కావలె. శాసనం నవలాకారుని చేతులు కట్టివేస్తుందని వాదించేవారికి నా సమాధానం ఈ వీరభద్రుడే. అతడు ఇంకా తన నవలాకారుని కోసం ఎదురుచూస్తున్నాడు.

కాకతి రుద్రమ విషయంలోనూ ఇంతే. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జుననాయకునికీ పుణ్యలోకప్రాప్తి కోరి చేసిన దానాన్ని చెబుతుంది. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో ఇద్దరూ మరణించారని చరిత్రకారులు దీనినుండి ఊహించారు. 2015లో వచ్చిన రుద్రమదేవి చిత్రం చూచినవారికి వయసులో ఉన్న రుద్రమ, ఆమె పక్కన గోన గన్నారెడ్డి కళ్ళకు కట్టి ఉంటారు. ఏళ్ళు పైబడిన రాణి సైన్యంతో బయలుదేరి తిరిగిరాని దృశ్యం మాత్రం ఆ చందుపట్ల రాతిలోనే ఉన్నది. అందులో యౌవనశృంగారం లేదు. సాహసానికేమి లోటు?

ఉదయగిరి నవల ఎట్లా ఉండవలె

ఈ దుర్గంమీద నవల వ్రాయదలచిన యువకులెవరైనా ఉంటే వారికి ఒక ముసలి పండితుని మనవి. రాయలను గుర్రంమీద ఎక్కించి మొదలుపెట్టకండి. అది అందరూ చేసినదే. నూనిజ్ చెప్పిన ఆ బాట దగ్గర మొదలుపెట్టండి. ఒక్కడొక్కడే నడిచే ఇరుకుదారిని వెడల్పు చేసినవారెవరు? ఏడాదిన్నరపాటు పైనుండి బాణాలు, రాళ్ళు పడుతుండగా గుండ్లు పగలగొట్టిన చేతులెవరివి? రాయల విజయశాసనాలు వాళ్ళ పేర్లు చెప్పవు. పెద్దన మనుచరిత్రలో రాయల దిగ్విజయాన్ని ఉదయాద్రితోనే ఆరంభించాడు గాని, ఆయనకూ వాళ్ళు కనబడలేదు. రాతిపని చేసే ఒడ్డెవారి పేరే ఓఢ్రశబ్దం నుండి వచ్చిందని పండితులు కొందరంటారు. ఓఢ్రరాజు కోటను ఛేదించడానికి ఓఢ్రనామం మోసేవాడే సమ్మెట ఎత్తాడనుకోండి! ఇది నా ఊహ. ఊహ అని చెప్పి మరీ చేస్తున్నాను. శిల మౌనంగా ఉన్న చోట ఇట్టి ఊహకు అడ్డులేదు.

కోట లోపలి వారినీ మరవకండి. ఏడాదిన్నర ఆకలి. గింజలు తరిగిపోతుంటే లెక్క వ్రాసుకునే కరణం. పైనుండి కింద దండుబిడారంలోని పొయ్యిల వెలుగు చూచే కాపలావాడు. చివరికి గుడి ఖాళీ అయి బాలకృష్ణుడు బండి ఎక్కి హంపికి పోతున్నప్పుడు, నిన్నటివరకు ఆయనకు నైవేద్యం పెట్టిన అర్చకుడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నపట్నం ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. ఉదయగిరి నుండి హంపి, హంపి నుండి మద్రాసు! ఒక దేవుని ప్రయాణమే ఒక నవల.

ఇంకా దగ్గరి కాలపు రహస్యం కావలెనంటే, అదీ ఈ కొండకింద ఉన్నది. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ తన కోటలో రహస్యంగా ఆయుధాలు, ఫిరంగులు పోగుచేశాడని కుంఫిణీవారు పట్టుకున్నారు. ఆ కుట్రలో చేయి కలిపాడని ఉదయగిరి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ జాగీరును జప్తు చేసి అతణ్ణి చెంగల్పట్టుకు పంపించారు. 1857కు పద్దెనిమిదేళ్ళ ముందు మాట. కర్నూలు నుండి ఉదయగిరికి వెలికొండలు దాటి ఉత్తరాలు ఎవరు మోశారు? ఎవరు చెప్పి పట్టిచ్చారు? దీనికి రాజులు, రాణులు అక్కరలేదు. ఒక తపాలా మనిషి చాలు.

మిత్రులారా, చరిత్ర తెలిసినవాడు నవల వ్రాయరాదనీ, నవల వ్రాసేవాడు చరిత్ర చదవనక్కరలేదనీ మనలో ఒక దురభిప్రాయం పాతుకొని ఉన్నది. కొమర్రాజువారి మండలి ఈ రెంటినీ ఒకే కప్పుకింద పెట్టి నూరేళ్ళు దాటింది. పాఠ్యపుస్తకంలో పిల్లవాడు చదివేది రెండు పుటలు. వాడికి మిగిలిన చరిత్రంతా నవలనుండి, తెరనుండి, అవ్వనుండి వస్తుంది. అక్కడ కత్తి పెడితే కత్తే మిగులుతుంది, చెరువు పెడితే చెరువే మిగులుతుంది. ఏది పెడుతున్నామో ఎరిగి పెట్టడం మన వంతు.

మీ ఊళ్ళ గుడిముందు, చెరువుకట్టమీద, పొలంగట్టున ఒక శాసనం ఉండే ఉంటుంది. సున్నం పూయకముందే, పునాదిలో పడకముందే దాని పాఠం ఒకసారి చదివించుకోండి. అందులో ఎవరి పేరున్నదో, ఏ మాట చెప్పకుండా వదిలేసిందో నలుగురికీ వ్రాయండి. చెప్పినది చరిత్రకు ఇవ్వండి. వదిలేసినది కథకులకు ఇవ్వండి.

శుభం.